బాబాయి చేతులు తుడుచుకున్న గుడ్డ

ఆర్యా,

నేటి వస్త్రాల డిజైన్లపై మేము తెస్తున్న తపాలా బిళ్ళలకు మీరు పంపిన గుడ్డ ఎంపికైంది. అభినందనలు. అచ్చు నమూనా జతచేశాం. అందులోని గోధుమరంగు వలయంలో నేటి మనిషి ఆవేదన కనబడుతోందంటూ కమిటీ అధ్యక్షులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నల్లటి వేలిముద్రల దగ్గర సభ్యులు లేచి నిలబడ్డారు.

భవదీయుడు,
తపాలా బిళ్ళల విభాగాధికారి

తా.క. అభ్యంతరాలుంటే రాయగలరు. ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

*

అయ్యా,

కమిటీవారికి నా సానుభూతి. వారు చూసింది ఆవేదన కాదు, టీ. మా బాబాయి గ్లాసు పెట్టిన గుర్తు. నేనుండే పైగది కింద ఆయనకు కర్టెన్ల కొట్టుంది. కుట్టుమిషన్లకు నూనె పోసి చేతులు తుడుచుకునే గుడ్డ అది. నా డిజైను మాయకుండా పైన చుట్టి పంపాను. లోపల తెల్లటి గుడ్డ, సన్నటి నీలి గీతలు. వేసవంతా మగ్గం మీద కూర్చుని నేశాను. అసలు దాన్ని ఎవరైనా విప్పి చూశారా?

బాబాయి ఒకటే మాటన్నాడు: “స్టాంపు మీద పేరొచ్చినవాడిదేరా పైగదీ మగ్గమూ. రాలేదనుకో, నోర్మూసుకుని కిందికొచ్చి కర్టెన్లు కత్తిరించు.” నా బతుకు మీ చేతుల్లో ఉంది. కాస్త కడుక్కుని పట్టుకోండి.

ఇట్లు,
పైగది డిజైనర్

తా.క. వేలిముద్రలూ ఆయనవే. పోలీసులకు పనికొస్తాయి, పోస్టుకు కాదు.

*

ఆర్యా,

మీ వినయం కమిటీని కదిలించింది. గొప్ప కళాకారులు తమ పనిని తామే ఇలా తక్కువ చేసుకుంటారని అధ్యక్షులు సెలవిచ్చారు. మీరన్న గీతల గుడ్డను, పార్సిలు నలగకుండా లోపల కూరినదిగా భావించి, బల్లలు తుడవడానికి ఇచ్చాం. నీళ్ళు బాగా పీలుస్తోంది.

భవదీయుడు,
విభాగాధికారి

తా.క. అటెండరు అలాంటిదే ఇంకోటి అడుగుతున్నాడు.

*

కళాహృదయులైన అయ్యవారికి,

నా వేసవి మొత్తం మీ బల్లల మీది సిరా పీలుస్తోందని తెలిసి ధన్యుణ్ణయ్యాను. మగ్గం గుడ్డకీ మసిగుడ్డకీ తేడా తెలియని కమిటీ మీది. రేపు మీ గోడ మీద చెమ్మ కనిపిస్తే దానికీ సన్మానం చేస్తారు. ఆ జిడ్డు కింద నా పేరు వేస్తే ఊరుకోను. దాని సృష్టికర్త మా బాబాయే. అంత ముచ్చటపడితే ఆయన పేరే వేసుకోండి! ఫోటో వేయండి! దండ కూడా వేయండి!

ఇట్లు,
పైగది డిజైనర్

తా.క. ఆయన బనియన్లు కూడా పంపమంటారా? అందులో కళ ఇంకా లోతు.

*

ఆర్యా,

మీ లిఖితపూర్వక ప్రకటన అందింది. కోరిన ప్రకారం మీ పేరు తొలగించి మీ బాబాయిగారి పేరు వేశాం. అచ్చు పూర్తయింది. విడుదల సభకు వారిని పిలిపించి దండ కూడా వేశాం. ఫోటోకు నిబంధనలు ఒప్పుకోలేదు, మన్నించాలి.

భవదీయుడు,
విభాగాధికారి

తా.క. బనియన్లు ముట్టాయి. వారే స్వయంగా తెచ్చారు. కమిటీ పరిశీలనలో ఉన్నాయి.

*

అయ్యా,

బాబాయి మెడలో దండతోనే తిన్నగా పైగదికి ఎక్కాడు. “పేరొచ్చినవాడిదే గది అన్నానా లేదా? నాకొచ్చింది. మాటంటే మాటేరా అబ్బాయ్,” అని కత్తెర నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు నా మగ్గం మీద టీ గ్లాసు పెట్టుకుని రోజంతా ఆవేదన చెందుతున్నాడు. నేను దారం ఉండ కోసం మెట్లెక్కబోతే పిన్ని అడ్డంగా నిలబడి, “ష్! మీ బాబాయి చేతులు తుడుచుకుంటున్నారు,” అంది.

ఈ కవరు మీది స్టాంపు చూశారుగా? కొట్టులో బాబాయి వేరేవి ఉంచనివ్వడం లేదు. నా నాలుకతోనే తడిపి అంటించాను.

ఇట్లు,
కింది కొట్టులో కర్టెన్లు కత్తిరించువాడు

తా.క. నా గీతల గుడ్డతో ఇంకాస్త గట్టిగా తుడవమని మీ అటెండరుకు చెప్పండి. సిరా, జిగురు, టీ, ఏదీ వదలొద్దు. బాగా పాడయ్యాక తిరిగి పంపితే వచ్చే ఏడాది నా పేరుతో పోటీకి పెడతాను. ఈసారి దేంట్లోనూ చుట్టను.