పట్టుకుంటేనే ఆట

ఎల్లయ్యా,

పోయినవాడికి ఉత్తరమేమిటని రాయకుండానే ఊరుకోబోయాను. కానీ పేపర్లో ఒకాయన గురించి చదివాను. అమెరికాలో తెల్లవాళ్ల బేస్‌బాల్ జట్టులో చేరిన మొదటి నల్లజాతి ఆటగాడట. ఆ ఆట కర్రతో బిళ్లను కొట్టే మన చిర్రగోనెకు దూరపు చుట్టం, అది వేరే కథ. మైదానంలో ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టేవారట. నువ్వే గుర్తొచ్చావు.

మాదిగవాడ నుంచి మీ ఊరి కబడ్డీ జట్టులోకి వచ్చిన మొదటివాడివి నువ్వు. కూతకొస్తే నిన్ను ముట్టుకోవాల్సి వస్తుందని మా ఊరి జట్టంతా గీత దాటి పారిపోయింది. అట్లా వచ్చిన పాయింట్లు నువ్వు వద్దన్నావు.

“ఉరుకుతె ఆటెట్లయితది పటేలా? పట్టుకోండ్రి!”

మళ్లీ కూతకొచ్చావు. నేను నీ కాలు పట్టుకున్నాను. సంస్కారంతో కాదు, ఓడిపోతామన్న మంటతో. ఇంటికెళ్తే మా అవ్వ, “తానం చేసినంకనే లోపలికి రా” అంది. చెయ్యలేదు. పశువుల కొట్టంలో కూర్చుని తిన్నాను.

నిన్న ఆలేరులో నీ మనవరాలు కూతకెళ్లింది. అవతలి ఏడుగురు పిల్లలూ మీదపడి పట్టేశారు. మోకాలు గీరుకుపోయింది.

“తాతా, ఎట్ల పట్టిన్రో చూసినవా!” అని నాతో అంటూ నవ్వింది.

అవుటై పక్కన కూర్చుంది. కాసేపటికి మళ్లీ లోపలికి పిలిచారు. కూతకు ఆమే వెళ్లింది.