మీ అమ్మ కంప్యూటర్ చూసింది

శీనూ,

చదువు పూర్తికాకుండానే జ్వరంతో నువ్వు పోయి నేటికి ఏడాది. మనం కలిసి చదివిన కంప్యూటర్ సైన్స్ నాకు ఆదోని నూలుమిల్లులో ఉద్యోగం ఇప్పించింది. ఈరోజు ఎమ్మిగనూరు నుంచి మీ అమ్మ మా ఆఫీసుకు వచ్చింది.

“మావాడు సదివింది దీన్నేనాప్పా?” అని నా బల్లమీది కంప్యూటర్ చూపిస్తూ అడిగింది.

“దీన్నేమ్మా. మిల్లోళ్ల జీతాలు లెక్కేస్తాది.”

“అంతేనా?”

రైళ్లను, ఉపగ్రహాలను కూడా ఇదే నడిపిస్తుందని నువ్వు హాస్టల్లో చెప్పిన మాటలన్నీ నాకు గుర్తున్నాయి. అయినా అంతేనన్నట్టు తల ఊపాను.

రవ్వంతసేపు కూచుంటానంది. కుర్చీ జరిపాను. ఏసీ గదిలో కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, బస్సు వేళయ్యేదాకా తెరనే చూసింది.

లేస్తూ, “ఈడ సల్లగుందప్పా. వాడుంటే నీడపట్టున ఉంటాండె” అంది.

ఆమెను బస్సెక్కించి వచ్చి, మిగిలిన జీతాల పని పూర్తి చేశాను.