నీళ్లొచ్చినప్పుడు తెగిన పాట

కామాఠీపురా, బొంబాయి,
ఆదివారం.

అమ్మకు స్వప్న దండాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మక్తల్‌లో చిన్నమ్మ చేస్తున్న నూనె మర్దనకు నీ మోకాలు కాస్త వంగుతోందని తలుస్తాను. తులసికి నీళ్లు పోస్తున్నాను. తమ్ముడు శివ పరీక్ష బాగానే రాశానంటున్నాడు.

పక్కింటి గంగాబాయత్త ఆసుపత్రి నుంచి వచ్చింది. గొంతు ఆపరేషన్ తర్వాత ఇక మాట రాదన్నారు. అయినా చేతులతోనే చాలీలోని అన్ని గదుల వాళ్లనూ అదిలిస్తోంది.

"దాని పాట భద్రమేనా?" అని రెండు ఉత్తరాల్లో అడిగావు. భద్రమేనని రాశాను. అది అబద్ధం, అమ్మా.

మిద్దెల మీద సున్నం కొడుతూ మీ అమ్మలు పాడిన ఆ పాట మొత్తం వచ్చింది ఆమె ఒక్కతికే. ఆపరేషన్‌కు ముందు మన గదిలో కూర్చోబెట్టి కంప్యూటర్‌లో వీడియో తీశాను. పాట అయిందో లేదో, నల్లా నీళ్లొచ్చాయి. మనకున్నది ఒక్క ప్లగ్గు. రికార్డింగ్ ఆపకుండానే కంప్యూటర్ వైరు పీకి మోటరు వైరు పెట్టేశాను. ఎంత చదివితే ఏం? ఆ ఫైలు మళ్లీ తెరుచుకోలేదు.

అయితే సైజు చూస్తే సున్నా కాదు. అంటే పాట లోపలే ఉంది. ఏ శబ్దం ఎక్కడుందో చెప్పే పట్టికను కంప్యూటర్ ఆఖర్న రాస్తుందట. రాసేలోపే నేను కరెంటు తీసేశాను. అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటుంటే, దాన్ని నమూనాగా చూసి ఆ పట్టికను మళ్లీ కట్టే సాఫ్ట్‌వేర్ ఉంది.

అలాంటిది ఒక్కటే మిగిలింది. కెమెరా పరీక్షిస్తున్నప్పుడు గుమ్మంలో బిందెల వరుస కోసం నువ్వూ అత్తా తిట్టుకున్నది. "తీసెయ్" అన్నావు. తీసెయ్యలేదు. తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు.

పాడైన ఫైలుకు ముందు నకలు తీసి, ఆ నకలు మీదే పని చేశాను. ఇవాళ పొద్దున అందరి ముందూ పెట్టాను. పాట మొత్తం వచ్చింది! చివర్లో అత్త గొంతే ఖంగుమంది: "నీళ్లొచ్చినయే పోరీ! మోటర్ పెట్టు!"

"అరే, ఈ టైంకు ఎట్లొచ్చినయ్?" అంటూ ఎదురుగది కోమల్ బకెట్ పట్టుకుని ఉరికింది. సగం గడ్డం గీసుకున్న కిష్టయ్య మామ ఆమె వెనకాలే. అత్త చప్పుడు లేకుండా, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది.

తర్వాత మీ తగాదా కూడా మూడుసార్లు పెట్టించుకుంది. ఒక వేలెత్తి, బిందె చూపి, తన గుండె మీద కొట్టుకుంది. ఆ రోజు మొదటి బిందె తనదేనట. త్వరగా రా. నీ తరఫున వాదించడానికి ఇక్కడ ఎవరూ లేరు.

ఇట్లు,
అబద్ధమాడిన నీ పెద్దబిడ్డ
స్వప్న