లేచిన కారణం

మార్చి 3, సోమవారం
నడుములో డిస్కు జరిగిందని డాక్టర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని, యూనివర్సిటీలో వైకల్యం ఉన్న విద్యార్థులకు సాయం చేసే ఆఫీసుకు వెళ్లాను. నలభై తొమ్మిదేళ్లకు ఎం.ఏ. నాది. క్లాసులో చెక్కబల్ల నా నడుముకు పడటం లేదు. వచ్చే నెల పరీక్ష, మూడు గంటలు. వేరే కుర్చీ, మధ్యలో లేచి నడవడానికి విరామాలు ఇస్తేనే రాయగలను. ఫారం ఇచ్చారు. ఆరో ప్రశ్న: ఒకేసారి ఎంతసేపు కూర్చోగలరు?

తెలియదు. ఎప్పుడూ చూసుకోలేదు. ఉజ్జాయింపుగా రాయడం నాకు చేతకాదు. వారం రోజులు గడియారం పెట్టుకుని చూస్తాను.

మార్చి 4
నోటుబుక్కులో గళ్లు గీశాను. కూర్చున్న టైం, లేచిన టైం, లేచిన కారణం.

మార్చి 6
కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, నువ్వు కూర్చోడానికి కూడా లెక్కలేనా అమ్మాయ్ అన్నారు అత్తయ్యగారు. ఆ మాట అనడానికి పక్కగదిలోంచి నన్ను పిలిచారు. నాలుగు నిమిషాలు. రాసుకున్నాను.

మార్చి 10
సగటున ఏడు నిమిషాలు. ఫారంలో వేసి ఇచ్చేశాను.

మార్చి 14, మధ్యాహ్నం
ఆఫీసు మేడమ్ ఫోన్ చేశారు. గొంతులో కంగారు. ఏడు నిమిషాలే అయితే పరీక్ష మాటెందుకు, ఈ ఏడాదికి ఆగి ఆరోగ్యం చూసుకోండి అన్నారు. సోమవారం వచ్చి మాట్లాడతానని బతిమాలుకున్నాను.

ఆయనకు చెబితే, ఓ గంట అని వేసేస్తే పోయేదిగా, నీ చాదస్తం నువ్వూ అన్నారు. అని, నా టవల్ ఎక్కడ అన్నారు.

మార్చి 17
నోటుబుక్కు పట్టుకెళ్లాను. మేడమ్ మూడో గడి మీద వేలు పెట్టి పైకి చదివారు. కుక్కర్. ఆయన టవల్. అత్తయ్యగారి కళ్లద్దాలు (ఆవిడ నెత్తిమీదే). డోర్‌బెల్. మా అమ్మాయి చార్జర్. టవల్. మళ్లీ కళ్లద్దాలు. నూట పన్నెండుసార్లు లేస్తే, నొప్పికి లేచింది అయిదుసార్లు.

మేము అడిగింది మీ నడుము గురించండీ, మీ ఇంటి గురించి కాదు అన్నారు మేడమ్. నవ్వాపుకోవడానికి నీళ్లు తాగారు. నాకు మాత్రం ఒకటే భయం. అయిదుసార్ల నొప్పికి కుర్చీ ఎవరిస్తారు?

ఆవిడ నా ఫోన్ తీసుకుని సొరుగులో పెట్టి తలుపు వేశారు. ఇక్కడ కూర్చోండి, మిమ్మల్ని ఎవరూ పిలవరు, టైం నేను చూస్తాను అన్నారు.

నొప్పి తట్టుకోలేక లేచేసరికి నలభై రెండు నిమిషాలు. మేడమ్ ఏడు కొట్టేసి నలభై రెండు వేశారు. కుర్చీ ఇస్తారు. నలభై నిమిషాలకోసారి విరామం కూడా.

సొరుగులోంచి ఫోన్ తీస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. టవల్ తీగమీదే ఉంది.

ఏప్రిల్ 21
పరీక్ష రాశాను. నాలుగుసార్లు లేచాను. కారణం: నొప్పి, నొప్పి, నొప్పి, నొప్పి. ఇంత హాయిగా ఎప్పుడూ లేను.