బూడిద కుండల పచ్చజొన్నలు

అమ్మా, ఫోన్ల నీకు ఇనవడదని కార్డు రాస్తున్న, ఏం ఫికర్ లేదు.

విత్తనం ఇల్లు దాటియ్యొద్దన్నవు గని దాటిచ్చిన, కోపానికి రాకు. మా మహిళా సంఘం, రైతులు, బడి పంతుళ్ళు కలిసి కేతేపల్లిల పాత విత్తనాల పండుగ చేసినం. నువ్వు బూడిదల కలిపిచ్చిన పచ్చజొన్నల కుండ చూసి, "పొయ్యిల బూడిద తెచ్చినవా" అని నవ్విన్రు. సీసాలల్ల తెచ్చినోళ్ళ గింజలకు పురుగు వట్టింది. పండుగకొచ్చిన మనూరి పటేలమ్మ మన కుండల చెయ్యి పెట్టి తీస్తే ఒక్క పుచ్చు గింజ లేదు. ఎవలింట్ల కూలి గింజలకు నువ్వు కొంగు పట్టినవో, గా పటేలమ్మనే నా ముందట కొంగు పట్టింది. సోలెడు పోసిన.

మోకాళ్ళు ఎట్లున్నయి? దవాఖానకు పోయినవా? అందరు తలా ఇన్ని అడిగి తీస్కపోతే కుండ ఖాళీ అయింది, తమ్ముడు సురేశ్ వచ్చేటప్పుడు ఇంకిన్ని పంపు.

బాపుకు దండాలు. గా జొన్నలకు ఊరంత నీ పేరు పెట్టి ఈదమ్మ జొన్నలంటున్నరని జర చెప్పు.

నీ బిడ్డ స్వర్ణ