వానలేని సెలవు

రాజాం,
శనివారం.

అన్నయ్యకు నమస్కారాలు.

నువ్వూ వదినా పాపా కులాసాయే కదా. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నాన్న సంగతే రాయాలి.

ఈ ఉదయం మేడ మీదికి వెళ్లేసరికి ఇంటివారు ఎండబెట్టిన ధాన్యం పరిచింది పరిచినట్టు లేదు. వరసగా ఐదు కుప్పలు, పైన నా దుప్పట్లు కప్పి ఉన్నాయి. నౌపడలో మన మడి గట్టు మీద ఉప్పు కుప్పలు అచ్చం అలాగే ఉంటాయి. తూర్పున మబ్బు కనిపించిందట నాన్నకు. అది ఎప్పుడో తేలిపోయింది.

ఇంటివారు రిటైరైన మాస్టారు. "నా మేడని నౌపడ సేసీసినారేటండీ?" అని నవ్వారు. పేపరు, కాఫీ, వాలుకుర్చీ ఉంటే చాలదా, తనను చూసి నాన్నను నేర్చుకోమన్నారు. నాకు నవ్వు రాలేదు. మాస్టారికి ఉద్యోగమంతా ఆదివారాలున్నాయి, వేసవి సెలవులున్నాయి. కూర్చోవడం ఆయన కొంచెం కొంచెంగా నేర్చుకున్నారు. నాన్నకు ఏ ఆదివారం ఉంది? ఉప్పు మడిలో పని ఆగేది వాన పడినప్పుడే. పని ఆగిందంటే పండిన ఉప్పు కరిగిపోయినట్టే.

నెల రోజులు విశ్రాంతి అని ఇక్కడికి పంపి, ఆయన వెనక మడులు వేరేవాళ్లకు అప్పగించావు. ఆ మాట నాకు ఫోనులో చెప్పావు. వయసైందన్నావు, ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారన్నావు. ఆయన్ను అడగాలని మాత్రం నీకు తోచలేదు. వచ్చి వారమైంది, నాన్న సరిగా తినడం లేదు. చేపల పులుసు కూడా పక్కకు నెట్టేశారు. కాలేజీ లైబ్రరీలో పని ముగించుకుని నేను వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఆకాశం చూస్తూ ఉంటారు. నిన్న అడిగారు:

"వానైనా రానేదు కదమ్మా. మరి మీ అన్న నన్నెందుకు కూకోబెట్టీసినాడు?"

దీనికి జవాబు నువ్వు చెప్పు. ఫోనులో నీకు ఎదురు చెప్పడానికి నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను. మడులన్నీ వద్దు. గట్టు పక్క చిన్నది ఒక్కటి వెనక్కి అడుగు. వచ్చే ఆదివారం నాన్నను తీసుకుని వస్తున్నాను.

అమ్మకు నా దండాలు చెప్పు. పాపకు బొమ్మల పుస్తకం తెస్తాను. మాట మీరి రాసి ఉంటే చిన్నదాన్నని మన్నించు. మడి సంగతిలో మాత్రం మన్నించమని అడగను.

నీ చెల్లి,
సుజాత

తా.క. పొద్దున్న నాన్న ధాన్యం కుప్పలకు లాగింది చేతులతో కాదు. ఉప్పు లాగే చెక్క పలకను నౌపడ నుంచి వచ్చేటప్పుడే లుంగీలో చుట్టి సంచిలో తెచ్చుకున్నారు.