దోర్కా అక్క గొంతు లేని పాట

ఖరిదా, ఖరగ్‌పూర్

దోర్కా అక్కకి వందనాలు.

చిన్నప్పుడు చర్చి క్వయర్‌లోంచి నన్ను తీసేయమని మాస్టారికి చెప్పింది నువ్వేనా? ముప్పై ఏళ్లుగా అడగలేకపోయినాను. ఇప్పుడు అడిగే మొహమూ లేదు.

నాన్న జ్ఞాపకార్థ కూడికలో పెట్టిన పాట విని "నా గొంతు వినపడలేదేటే?" అన్నావు. "అందరిలో కలిసిపోయిందక్కా" అన్నాను. అబద్ధం. అందులో నీ గొంతు లేదు.

మన ఇంటోళ్ళు తొమ్మిదిమందీ ఫోన్లలో పాడి పంపినారు కదా. అవన్నీ కలిపే మంచి సాఫ్ట్‌వేర్ స్టూడెంట్ రేటుకి కూడా మా షైనికి అందలేదు. ఉచితంగా దొరికినదాంట్లో ఎనిమిది ట్రాకులే, అంటే ఎనిమిది గొంతులే. "ఎవరిది వదిలెయ్యాలమ్మా?" అని షైని అడిగింది. "పెద్దమ్మది" అనేసినాను. క్షణమైనా ఆలోచించలేదు.

కూడిక అయినాక షైని అంది కదా, "రెండు గొంతులు ఒకే ట్రాకులో కలిపేద్దును. పెద్దమ్మ మీద నీకేటో కోపం ఉందని ఊరుకున్నాను." కన్నకూతురి ముందు తలెత్తలేకపోయినాను. ఫోన్లో నోరు రాక ఈ కార్డు. పోస్ట్‌మేన్ చదివితే చదవనీ.

ఎన్ని ట్రాకులైనా పట్టే ఉచితంది ఇంకోటి ఇప్పుడు దొరికింది. నిన్ను కలిపి షైని పాట మళ్ళీ చేస్తోంది.

బావగారి మోకాలు ఎలాగుంది? ఇటెవరైనా వస్తే ఎండు నెత్తళ్ళు పంపు, ఇక్కడ గోల్‌బజార్‌లో దొరికే చేపలు ఒట్టి ఇసక. ప్రభువు మీ గడపని చల్లగా చూడాలి.

కొత్త పాట అందరికీ పంపి నేను చేసింది చెప్పాలో, గుట్టుగా నీ ఒక్కదానికే పంపాలో, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి
సూసన్న